కూవ్రేలో ఉండిపోయిన చేతులు

పారిస్ వెళ్దామనగానే అక్క ఒక్కటే అడిగింది. "టవర్లూ గివర్లూ నువ్వు చూసుకోరా. నన్ను మాత్రం బ్రెయిల్ గారి ఊరికి తీసుకెళ్ళు." అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. ఎం.ఏ. దాకా ఆమె చదువంతా బ్రెయిల్ కనిపెట్టిన ఉబ్బెత్తు చుక్కల లిపిలో, వేలికొసల మీదే సాగింది.

పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్‌లో రైలెక్కి ఎస్బ్లీలో దిగాం. బ్రెయిల్ ఊరు కూవ్రే అక్కడికి దగ్గరే. పక్కనే డిస్నీలాండ్ ఉన్నా, ఊరు మాత్రం నిమ్మళంగా ఉంది.

1809 జనవరి 4న లూయీ బ్రెయిల్ పుట్టిన రాతి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు, కళ్ళేలు కుట్టేవాడు. ఆయన పనిగదిలోనే మూడేళ్ళ లూయీ తోలుకు బెజ్జం వెయ్యబోయాడు. పనిముట్టు జారి కంట్లో గుచ్చుకుంది. ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి, ఐదేళ్ళకల్లా చూపు పూర్తిగా పోయింది.

ఆ తర్వాత ఊరు చేసిన పని వింటుంటే నా గొంతు పూడుకుపోయింది. నాన్న చెక్క మీద మేకులు కొట్టి అక్షరాలు తడిమించాడట. పల్యుయ్ అనే చర్చి ఫాదర్ పాఠాలు చెప్పాడు. బెషెరే మాస్టారు చూపున్న పిల్లల మధ్యే కూర్చోబెట్టుకున్నాడు. ఊరి జమీందారు ఒర్విలియే సాయంతో 1819లో, పదేళ్ళ వయసులో, పారిస్ అంధుల పాఠశాలలో సీటు దొరికింది. మా ఊళ్ళో మొదట వెళ్ళిన బడివాళ్ళు అక్కను చేర్చుకోనే లేదు. అమ్మ ఆమెను ఎత్తుకుని ఏడుస్తూ ఇంటికి రావడం నాకింకా గుర్తే.

షార్ల్ బార్బియే తయారుచేసిన 12 చుక్కల రాతను లూయీ పదిహేనేళ్ళకే 6 చుక్కలకు తెచ్చాడు. అక్షరం మొత్తం ఒక్క వేలికొస కింద ఇమిడిపోతుంది.

చివరికి శ్మశానానికి వెళ్ళాం. 1852లో పారిస్‌లో పోయిన మనిషిని సొంత ఊరికే తెచ్చి పూడ్చారు. నూరేళ్ళకు, 1952లో, అస్థికలను పారిస్‌లో దేశ ప్రముఖుల సమాధులుండే పాంథియాన్‌కు తరలించారు. చేతులను మాత్రం ఇక్కడే, సమాధి దగ్గర చిన్న పాత్రలో ఉంచేశారు.

అక్క చెప్పులు విప్పి దగ్గరికెళ్ళింది. రాతి మీద కాసేపు అరచెయ్యి ఆనించి, చూపుడువేలితో పైనుంచి కిందికి మూడుసార్లు తాకింది.

"ఏం రాశావక్కా?"

"ల. ఆయన పేరులో మొదటి అక్షరంరా. ఫ్రెంచిలోనూ, మన తెలుగులోనూ అవే మూడు చుక్కలు."