రాకాసి గుళ్ల దగ్గర ఒక ఆదివారం

చిన్నమ్మ వాళ్ల ఊరికి నేను వెళ్లింది కందికాయ కోసం. చలికాలంలో ఒక ఆదివారం ఆ పని తప్పదు. ఉడకబెట్టిన కాయ ముందేసుకుని అరుగు మీద కూర్చుంటే చిన్నాయినే మాట కదిపాడు: “ప్లాట్లోళ్లు మన చెల్క గెట్టు దాంక వచ్చిన్రు బిడ్డా.”

ఆ చెలకలోనే రాకాసి గుళ్లు ఉన్నాయి, అంటే ఏనాటివో రాతి సమాధులు. చిన్నప్పుడు దూరం నుంచి చూడటమే, దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. ఇవాళ పోయి చూద్దామన్నాను. “గా రాళ్లల్ల ఏమున్నదే, తిని జరసేపు పండుకోరాదు” అని చిన్నమ్మ గులుగుతూనే ఉంది, చిన్నాయిన అప్పటికే ఎక్సెల్ బండి స్టార్ట్ చేశాడు.

ఊరి పేరు రాయను. భువనగిరి చుట్టుపక్కల అనుకోండి, చాలు. ఎందుకు రాయనో కింద చదివితే మీకే తెలుస్తుంది.

పత్తి చివరి ఏరుడు అయిపోయి ఎండుకట్టె మిగిలిన చేను దాటితే ఎర్రమట్టి చెలక. గెట్ల మీద తంగేడు పూసి ఉంది. చెలకకు ఒక మూల మోకాలెత్తు గుండ్లు, గుండ్రంగా పేర్చినట్టు. మొదటి చూపుకి ఏమీ అనిపించదు. దున్నేటప్పుడు ఏరి పడేసిన రాళ్లనుకుని ఎవరైనా దాటిపోతారు. లోపల నిలబడి చుట్టూ చూస్తేనే గుండ్లన్నీ ఇంచుమించు ఒకే సైజని, వాటి మధ్య ఎడం కూడా ఒక లెక్క ప్రకారం ఉందని తెలుస్తుంది. వలయం మధ్యలో చిన్న రాళ్ల కుప్ప. చిన్నాయిన చెలకలో చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటే. మిగతావి సగం సగం. కొన్నింటి గుండ్లు వరస తప్పి గెట్టులో కలిసిపోయాయి.

ఇవి ఇనుప యుగం సమాధులు. దక్కనులో వీటి వయసు స్థూలంగా 3000 నుంచి 2000 ఏళ్ల మధ్య. పైకి కనిపించే రాళ్ల కుప్ప మూత మాత్రమే, అసలు పనంతా మట్టి కింద ఉంటుంది. నాలుగు పెద్ద రాతి పలకలు నిలబెట్టి గదిలా చేసి, పైన ఒక బండ కప్పేవాళ్లు. పలకల్ని మూలకు మూల కలపకుండా, ప్రతి పలక అంచూ పక్కదాన్ని దాటి బయటికి వచ్చేలా, పైనుంచి చూస్తే స్వస్తిక్‌లా కనిపించేట్టు పెట్టేవాళ్లు. చుట్టూ మట్టి ఎంత నెట్టినా అవి ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. లోపల కుండలు, ఇనప సామాను, ఒక్కోసారి పూసలు. ఎముకలు చాలాచోట్ల పూర్తి అస్థిపంజరంగా దొరకవు. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, తర్వాత మిగిలిన ఎముకలు ఏరి తెచ్చి పెట్టారన్నమాట. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురివి కూడా ఉంటాయి.

సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు బయటపడిన మూతబండ బరువు 40 టన్నుల పైమాటే. దాన్ని లేపడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆ బండను ఊడదీసి, లాక్కొచ్చి, సరిగ్గా గది మీదికి ఎక్కించడానికి ఎంతమంది, ఎన్ని మోకులు, ఎన్ని దుంగలు కావాలి? వాళ్లందరికీ అన్ని రోజులు ఎవరో వండి పెట్టి ఉండాలి కదా. నాకు ఆ వంట గురించే ఎక్కువ ఆలోచన పోయింది. అంత చేసినవాళ్లు తాము బతికిన ఇళ్లు మాత్రం మట్టితో, కర్రతో కట్టుకున్నారు. అవి చాలామటుకు ఆనవాలు లేకుండా పోయాయి.

“గింత పెద్ద బండలు మనుషులు లేపుతరా? రాకాసులే కట్టిన్రు,” అంటాడు చిన్నాయిన. ఆయన నాయన వలయంలోకి నాగలి పోనిచ్చేవాడు కాదట. పొద్దు వాలితే ఆడవాళ్లు ఆ దారిన వచ్చేవాళ్లు కాదు. మేకలకు మాత్రం ఏ పట్టింపూ లేదు.

సరదా ఏంటంటే, కర్ణాటకలో గంగావతి దగ్గర హిరేబెణకల్ గుట్ట మీద ఇలాంటి రాతి గదులే వందల్లో ఉన్నాయి. అక్కడివాళ్లు వాటిని మోర్యర మనె అంటారు, అంటే మోర్యుల ఇళ్లు. ఆ మోర్యులు మరుగుజ్జులట! మనవాళ్లు బండ సైజు చూసి రాక్షసుల్ని పుట్టించారు, వాళ్లు లోపలి గది సైజు చూసి పొట్టివాళ్లని అన్నారు. ఇటు నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. రాయి అదే, కథ ఊరికో తీరు.

అవతలి మూలకు వెళ్లాక ముచ్చట మారింది. అక్కడ ఒక సమాధి నడుమ నిలువెత్తు గొయ్యి. ఒక పలక ఇంకా నిలబడి ఉంది, మిగతావి ముక్కలు. కొన్నేళ్ల కింద అమావాస్య రాత్రి జేసీబీ తెచ్చి తవ్వారట. పొద్దున చూస్తే నిమ్మకాయలు, కుంకుమ. “బంగారం ఏడుంటది బిడ్డా గీండ్ల? కుండలెల్లినయ్. కుండలు జూసి కోపమొచ్చి పలగ్గొట్టి పోయిన్రు,” అన్నాడు చిన్నాయిన.

గొయ్యి ఒడ్డున ఇంకా పెంకులు పడి ఉన్నాయి. ఒకటి తీసి కొంగుతో తుడిచాను. బయట ఎరుపు, లోపల నలుపు. మూతి అంచు దగ్గర నలుపు బయటికి కూడా వచ్చి, అక్కడి నుంచి ఎరుపులోకి మెల్లగా కలిసిపోతుంది. మధ్యలో గీత గీసినట్టు ఉండదు. ఇది రంగు వేసింది కాదు, కాల్చిన తీరు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికీ మూతికీ గాలి ఆడక నలుపెక్కుతుంది, గాలి తగిలిన మేర ఎర్రబడుతుంది. పెంకు పలచగా, నున్నగా, మా బస్తీలో కుండలమ్మే ఆయన దగ్గర కొన్న కుండంత గట్టిగా ఉంది. చూసి మళ్లీ అక్కడే పెట్టేశాను.

ఇక్కడికి దగ్గర్లోని రాయగిరిలో 1910ల్లో హంట్ అనే ఆయన ఇలాంటి సమాధులే తవ్వాడు. అంతకుముందు 1850ల్లో, ఇప్పటి కర్ణాటకలో ఉన్న సురపురం సంస్థానంలో మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వాడు. టేలర్ బొమ్మల్లో ఏ పొరలో ఎముకలున్నాయో, ఏ మూలన కుండలున్నాయో ఇప్పటికీ చూడొచ్చు. తవ్వడమంటే అది. ఈ జేసీబీగాళ్లు పగలగొట్టింది కుండలొక్కటే అయితే అంత బాధ లేదు, కుండలు మ్యూజియాల్లో బోలెడున్నాయి. ఏది దేని పక్కన ఉందో ఇక ఎవడూ చెప్పలేడు.

నాకనిపించింది రాస్తున్నా, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఈ చెలకలో ఇన్నాళ్లూ వీటిని కాపాడింది రాకాసుల భయమే. ఇలాంటి పాతవాటిని కాపాడే చట్టం ఉందని ఇక్కడ ఎవరికీ తెలియదు. భయం పోయి, ఆ జాగాలోకి గుప్తనిధుల ఆశ వచ్చింది. అది కూడా పోతే గజం రేటు.

గెట్టు అవతల వెంచర్ వాళ్ల హద్దురాళ్లు తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. వాళ్లు చిన్నాయినను కూడా అడిగారట. పురావస్తు శాఖకు ఒక అర్జీ పెడదాం, నేనే రాసిస్తా అన్నాను. ఆయన బీడీ ముట్టించుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సర్కారోళ్లకు ఎరుకైతే నా చెల్కల నన్నే అడుగు వెట్టనియ్యరు. అప్పుడు కందికాయకు ఏడికొస్తవ్?” అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. పంట పండితేనే ఆయనకది భూమి.

ఫొటోలు తీశాను, వలయాల కొలతలు అడుగుల్లో రాసుకున్నాను. రాత్రి బస్సు దిగేసరికి సంచిలో కందికాయ సగం నలిగింది. అర్జీ రాయడానికి కూర్చున్నాను గానీ ముందు తమ్ముడికి, అంటే చిన్నాయిన కొడుక్కి, ఫోన్ చేయాలి, రేపు ఆ భూమి వాడి పేరు మీదకే వస్తుంది. వాడు ఎత్తగానే అడిగే మొదటి ముక్క నాకు తెలుసు: “అక్కా, గజం ఎంత నడుస్తుందట?”