విత్‌తనాలు కాదు బాబూ, విత్తనాలు

పదకొండున్నర దాటింది. అందరూ ఏసీ గదిలో పడుకున్నారు, నేను హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని ఇది కొడుతున్నా. రోహిణి కార్తె, ఫ్యాన్ గాలి కూడా పొయ్యి దగ్గర నుంచి వస్తున్నట్టే ఉంది. నిద్ర పట్టకపోవటానికి ఎండ కారణం కాదు, టేబుల్ మీద ఉన్న బాటిల్. సాయంత్రం బ్రాడీపేట ప్రింటింగ్ షాపు నుంచి శాంపిల్ అని పంపారు.

ఈ ఏడు మా విత్తనాల షాపు నుంచి డీలర్లకీ పాత రైతులకీ ఇచ్చే గిఫ్టు సంగతి మామయ్యగారు మా మరిదికి అప్పజెప్పారు, నేనేమో లెక్క చూడాలి. ప్రతి ఏడూ తువ్వాళ్ళో స్టీలు డబ్బాలో ఇచ్చేవాళ్ళం, ఎవరూ పేరు పెట్టింది లేదు. ఈసారి మావాడు ఫోన్లో ఏవేవో చూసొచ్చి "వదినా, ఇప్పుడంతా ట్రాన్స్‌పరెంటే, లోపలిది బయటికి కనపడాలి, అదే ట్రెండు" అన్నాడు. బాటిలు, పెన్ను, జిప్పు పౌచ్, గొడుగు, అన్నీ అద్దంలాగా ఉన్నవే, వాటి మీద మన షాపు పేరు.

గొడుగు దగ్గర నాకు నవ్వాగలేదు. గుంటూరు ఎండకి ట్రాన్స్‌పరెంట్ గొడుగా బాబూ? వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. "వానకి పనికొస్తది కదా" అంటాడు. వానొస్తే మన రైతు గొడుగు వెతుక్కుంటాడా, యూరియా సంచి నెత్తిన కప్పుకుని పోతాడు గానీ. అయినా ఒక శాంపిల్ తెప్పించాడు, అల్మరాలో పడుంది.

మామయ్యగారు జిప్పు పౌచ్ శాంపిల్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏందమ్మాయ్ ఇది, చుట్టలు, షుగరు మాత్రలు, చిట్టీ డబ్బులు అన్నీ బస్టాండులో జనానికి చూపించుకుంటా పోవాల్నా?" అన్నారు. నాకు అదే కరెక్టనిపించింది. డల్లాస్‌లో మా చెల్లికైతే వేరే, అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియాల్లో 2013 నుంచి లోపలున్నది కనపడే బ్యాగు అయితేనే పెద్దది లోపలికి రానిస్తారట, అందుకని ఆఫీసులో పేరు వేయించి మరీ పంచారట. మనకి అలాంటి అవసరం ఎక్కడుంది, నీట్ రాసే పిల్లల నీళ్ళ బాటిల్ తప్ప. అని మధ్యాహ్నం వరకూ నేను గట్టిగానే వాదించా, తువ్వాళ్ళే ఇద్దాం అని.

కానీ ఆ జిప్పు పౌచ్ చేతిలోకి తీసుకున్నాక ఎందుకో కింద పెట్టబుద్ధి కాలేదు. నాన్న గుర్తొచ్చాడు.

2005, నేను తొమ్మిదో తరగతి. నాన్న పత్తి విత్తనాలకి టౌనుకి పోయాడు. అప్పుడు బీటీ ప్యాకెట్టు 450 గ్రాములది పదహారొందల పైనే (మరుసటేడు, 2006లో, ప్రభుత్వం కేసు వేసి పోట్లాడితే 750కి దిగింది, ఆ సంగతి మా నాన్న చాలా ఏళ్ళు చెప్పుకుని బాధపడ్డాడు). నాలుగు ప్యాకెట్లు కొన్నాడు, బిల్లు చొక్కా జేబులో బీడీకట్టతో పాటు పెట్టుకున్నాడు, సైకిలు మీద వస్తుంటే చెరువుకట్ట దగ్గర వాన అందుకుంది. ఇంటికొచ్చి ప్యాకెట్లు మాత్రం పొడి గుడ్డతో తుడిచాడు, బిల్లు ఎవరికి గుర్తుంటది. తీరా విత్తితే సగం కూడా మొలవలేదు. షాపుకి పోతే "బిల్లేది?" అన్నారు. జేబులోంచి తీశాడంట, నాలుగు మడతలూ అతుక్కుపోయి అప్పడంలాగా ఉంది, గోరుతో విప్పబోతే ముక్కలైంది. కార్బన్ రాత అంతా నీలం మరక. ఏ బ్యాచ్ విత్తనమో చెప్పే లాట్ నంబరులో చివరిది ఏడో ఒకటో తెలీలేదు. ఖాళీ ప్యాకెట్లున్నా సరిపోయేది, దాని మీద నంబరుంటుంది కదా, అవి చేలోనే పారేసొచ్చాడు. షాపాయన తిట్టలేదు, కసురుకోలేదు, "నేనేం చేసేది పెద్దాయనా" అన్నాడంతే. ఆ మాట మాత్రం మాకు చెప్పేటప్పుడు నాన్న ప్రతిసారీ ఆయన గొంతుతోనే చెప్పేవాడు. అప్పుకి పోయి మళ్ళీ విత్తాం.

ఇప్పుడు పట్నంబజారులో అలాంటి కౌంటరు వెనకాలే నేను కూర్చుంటున్నా. మొలకెత్తలేదని ఎవరన్నా వస్తే నా నోట్లోంచి మొదట వచ్చేదీ అదే మాట, బిల్లుందా?

సరే, పౌచ్ దగ్గరికొద్దాం. పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు బుక్కు, మన బిల్లు, ఖాళీ ప్యాకెట్టు, అన్నీ ఒకదాంట్లో పెట్టి దూలానికి మేకేసి తగిలించుకోవచ్చు, తియ్యకుండానే ఏది ఎక్కడుందో కనపడుద్ది, తడవదు. బస్టాండులో చూపించుకోవటానికి కాదు మామయ్యగారూ, ఇంట్లో వెతుక్కోకుండా ఉండటానికి అన్నా. ఆయన "ఊఁ" అన్నారు. మా ఇంట్లో ఊఁ అంటే సగం ఒప్పుకున్నట్టు, మీకు తెలుసు.

అయితే ఆ షాపతను చూపించింది మెత్తటి పీవీసీ. వాసనకే తెలిసిపోయింది. నా డిగ్రీ మార్కుల మెమో జిరాక్సు అలాంటి కవర్లోనే పెట్టా పదేళ్ళు, తీస్తే అక్షరాలన్నీ కవరుకి అతుక్కుని వచ్చేశాయి, కాగితం తెల్లగా నా చేతిలో. పైగా ఎండ తగిలితే పచ్చబడుద్ది. పీపీ కావాలి అన్నా, పాలీప్రొపిలీన్. "అదీ ఇదీ ఒకటే మేడమ్" అన్నాడు. ఒకటే అయితే రేటెందుకు తేడా అంటే మాట మార్చాడు. దీని మీద అరగంట.

అది తేలిందనుకునేలోపు ఈ బాటిల్. ముందు ట్రాన్స్‌పరెంట్ వస్తువుకి రంగు వేస్తే కింద తెల్ల పూత ఉండాలంట, లేకపోతే రంగు ఆనదు. అది ఎక్స్‌ట్రా, ముక్కకి నాలుగు రూపాయలు, ముందు చెప్పలేదు. చెప్పకుండా, వెయ్యకుండా పంపాడు. ఆకుపచ్చ రాత, చేత్తో పట్టుకుంటే చెయ్యి రంగులో కలిసిపోతోంది. వెనక నుంచి చూస్తే తిరగబడి కనపడుతోంది, నీళ్ళు పోస్తే ఆ తిరగబడ్డ అక్షరాలే అడ్డంగా రెండింతలు సాగి, మా బుడ్డోడికి మాత్రం మహా సరదా. అదైనా ఓర్చుకుంటా. ముందువైపు, పేరు కింద, పెద్ద అక్షరాలతో "విత్‌తనాలు". త కింద త ఒత్తు లేదు. పొల్లు పెట్టి పక్కన ఇంకో త. నేను వాట్సాప్‌లో సరిగ్గానే పంపా, వాళ్ళ కంప్యూటర్లో తెచ్చి అతికిస్తే విడిపోయిందంట. ప్రింటింగ్ వాళ్ళు వాడే అను ఫాంటులో మళ్ళీ కొట్టించమంటే "ఎవరు చూస్తారు మేడమ్, అర్థమవుతుంది కదా" అన్నాడు. ఎవరు చూస్తారేంటి? నలభై ఏళ్ళ నుంచి విత్తనాలమ్మే ఇల్లు, మా దగ్గర కొనే రైతు మొదట చదివేది ఆ మాటే. మా ఆయనకి చూపిస్తే "నువ్వు మరీ అమ్మా" అని పక్కకి తిరిగి పడుకున్నారు.

బాటిళ్ళు వద్దనేద్దామనుకున్నా అసలు. ఆడిటర్ గారు కూడా చెప్పారు, ఊరికే ఇచ్చే గిఫ్టుల మీద కట్టిన జీఎస్టీ క్రెడిట్ వెనక్కి రాదని, సెక్షన్ 17(5) అంట. అప్పుడు ప్రతి నాలుగు రూపాయలూ నిజంగా నాలుగు రూపాయలే. కానీ మరిది మొహం చూస్తే జాలేసింది, తను మొదటిసారి బాధ్యత తీసుకుని చేస్తున్న పని. పెద్ద డీలర్లకి బాటిలు, రైతులకి పౌచ్, గొడుగు ఎవరికీ వద్దు, అని రాత్రి అన్నాల దగ్గర తేల్చాం. అన్నం తింటూ తను కూడా బాటిల్ని వెలుగులో పెట్టి చూసి "తెల్ల పూత వేయిద్దాంలే వదినా" అన్నాడు, ఒత్తు సంగతి మాత్రం ఎత్తలేదు. చూడలేదేమో.

ఇప్పుడే స్కెచ్ పెన్నుతో తెల్ల కాగితం మీద పెద్దగా "విత్తనాలు" అని రాసి, ఒత్తు కొంచెం ఎక్కువ లావుగా దిద్ది, ఫొటో తీసి అతనికి పంపా, టైపు చెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు దించెయ్ అని. రెండు టిక్కులు పడ్డాయి, నీలం కాలేదు ఇంకా. విత్తటం మొదలయ్యే మృగశిరకి ఎన్ని రోజులు ఉందో లెక్కేసుకుంటే భయమేస్తోంది. మామయ్యగారు పొద్దున్నే నాలుగున్నరకి లేస్తారు, ఈలోపు ఈ బాటిల్ ఎక్కడన్నా పెట్టాలి, అల్మరా తలుపేమో ఆ గొడుగు అడ్డం పడి మూసుకోవట్లేదు.