రెడ్ టైడ్ వచ్చినప్పుడు క్లోరిన్ మీద చెయ్యి వేయకండి

గల్ఫ్‌లో కుళాయి తిప్పితే వచ్చేది చాలావరకు సముద్రపు నీళ్లే. వాటిని మంచినీళ్లు చేసే డీశాలినేషన్ ప్లాంట్లలో మనవాళ్లు ఆపరేటర్లుగా, ఫిట్టర్లుగా, హెల్పర్లుగా ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది రెడ్ టైడ్ గురించి, అంటే కంటికి కనిపించనంత సన్నటి నాచు విపరీతంగా పెరిగి సముద్రపు నీళ్ల రంగు మారిపోవడం గురించి. 2008లో మొదలైనది నెలల తరబడి వదల్లేదు. కోక్లోడీనియం అనే సూక్ష్మజీవి యూఏఈ, ఒమాన్ తీరాల్లో చేపల్ని చంపింది, కొన్ని ప్లాంట్లనూ ఆపించింది.

ఇన్‌టేక్ (ప్లాంట్ సముద్రపు నీళ్లు తీసుకునే చోటు) దగ్గర నీళ్లు తుప్పు రంగుకు తిరిగితే కొత్తవాడి చెయ్యి క్లోరిన్ డోసింగ్ పంపు మీదికే పోతుంది. అక్కడే పప్పులో కాలు. నాచు కణం చస్తే పగిలి, లోపలి జిగటంతా నీళ్లలో కలుస్తుంది. బతికున్న కణాన్ని ఇసుక ఫిల్టర్ ఆపగలదు. ఈ జిగట మాత్రం 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ ఫిల్టర్‌నీ దాటిపోయి, ఉప్పును ఆపే పల్చటి పొర అయిన మెంబ్రేన్ మీద పేరుకుంటుంది, బాక్టీరియాకు మేతవుతుంది. పైగా పెంచిన క్లోరిన్‌కు తగ్గట్టు, దాన్ని విరిచే మెటాబైసల్ఫైట్ పెంచడం మరిచారో, మెంబ్రేనే పోతుంది. అది కడిగితే బాగయ్యే జబ్బు కాదు.

కణాల్ని పగలకుండా పైకి తేల్చి తీయడమే మేలు. డీఏఎఫ్ (గాలిబుడగలతో మురికిని తేల్చి తీసే ఏర్పాటు) ఉన్న ప్లాంట్లలో ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణంతో ముద్దలు కట్టిన నాచును సన్నటి గాలిబుడగలు పైకి లేపుతాయి. డోసు అంచనాగా వేయకుండా జార్ టెస్ట్ (జాడీల్లో వేర్వేరు డోసులు కలిపి చూడటం) చేసి తేల్చుకోవాలి. తక్కువైతే ముద్ద కట్టదు, ఎక్కువైతే మిగిలిన ఇనుము మెంబ్రేన్‌కు పడుతుంది. తీసిన తెట్టును ఇన్‌టేక్ పక్కనే వదిలితే మళ్లీ మన పంపులోకే వస్తుంది.

ఎస్‌డీఐ, అంటే నీళ్లు ఫిల్టర్‌ను ఎంత త్వరగా మూసేస్తాయో చెప్పే అంకె, చూడటం కష్టమేం కాదు. 0.45 మైక్రాన్ల ఫిల్టర్ పేపరు, 30 పీఎస్‌ఐ ప్రెషర్. మొదటి 500 మిల్లీలీటర్లకు 30 సెకన్లు పట్టి, 15 నిమిషాల తర్వాత అంతే నీటికి 75 పడితే ఎస్‌డీఐ 4. 120 పడితే 5, ఇక ప్రమాదమే. రెడ్ టైడ్‌లో ఒక్కోసారి 15 నిమిషాలు కాకముందే పేపరు మూసుకుపోతుంది; అప్పుడు 5 నిమిషాల లెక్క తీసి, అది 5 నిమిషాలదని పక్కన రాయాలి.

సూపర్‌వైజర్ ఏమంటాడోనని కొందరు ఆ సెకన్లు తగ్గించి రాస్తారు. వీసా భయం అర్థం కానిదేం కాదు. కానీ మెంబ్రేన్ ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీల మధ్య తేడా పెరుగుతూ, అంటే మెంబ్రేన్ మూసుకుపోతూ ఉంటే, పాత లాగ్‌బుక్ తిరగేసి అడిగేది ఆ షిఫ్ట్‌లో సంతకం పెట్టినవాణ్నే.