పెళ్లయ్యాక కూడా ఆడతారా?

టీ సగం కూడా తాగలేదు, అబ్బాయి మొదటి ప్రశ్న అదే. ఆడతానండీ, పరుగెత్తుతాను కూడా, అన్నాను. వాళ్లమ్మగారు నవ్వి, పిల్లలు పుడితే అవే తగ్గుతాయిలే అమ్మా అన్నారు.

పొద్దున ఆరింటికి హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం‌లో ట్రాక్ మీద పరుగెత్తి, ఇంటికొచ్చి గబగబా తలస్నానం చేసి చీర కట్టుకుని కూర్చున్నాను. కుచ్చిళ్ల కింద కాలి బొటనవేలికి షూ ఒరుసుకుని లేచిన బొబ్బ, దాని మీద ప్లాస్టర్ అలాగే ఉంది.

2024లో పారిస్ పారాలింపిక్స్‌లో మన కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగం నాలుగు వందల మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన రాత్రి నేనొక్కదాన్నే ఫోన్ పట్టుకుని ఏడ్చాను, ఆ చివరి వంద మీటర్లు నాతోపాటు ఊపిరి బిగబట్టి చూసే మనిషి పక్కన ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఉద్యోగం, ఇల్లు, జాగా ఇవన్నీ తర్వాత. నాకంటే మెల్లగా పరుగెత్తినా పర్లేదు, నిజంగా. పొద్దున్నే లేచి షూ వేసుకుంటే చాలు.

ఏం చెప్పమంటవే వాళ్లకు అని అమ్మ ఇప్పుడే అడిగింది.

వద్దని చెప్పమన్నాను. అమ్మ ఏమీ అనలేదు, బొబ్బకు రాసుకో అని కొబ్బరినూనె సీసా తెచ్చి పక్కన పెట్టింది.