మామిడి మండీ లెక్కలు: ఒకే కాలమ్‌లో ఇరుక్కున్న వివరాలను విడదీసిన అనుభవం

చిత్తూరులో ఒక మామిడి మండీ లెక్కల సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే పని నా చేతికి వచ్చేనాటికే, అందులో ప్రతి లాటు వివరాలూ డేటాబేస్‌లోని ఒకే కాలమ్‌లో సీరియలైజ్ అయి, అంటే ఒకే అక్షరాల వరుసగా మూటకట్టి ఉన్నాయి. రైతు పేరు, తేదీ, లాటు నంబరు విడి కాలమ్‌లలో ఉండగా, కాయ రకం, బరువు, తరుగు, హమాలీ కూలి, బండి నంబరు, గుమాస్తా రాసుకున్న గమనిక మాత్రం, ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసిన పీహెచ్‌పీ భాషలోని సీరియలైజ్ ఫంక్షన్ అల్లిన ఒకే పొడుగాటి వరుసగా వివరాల కాలమ్‌లో చేరేవి. ఆ ఏర్పాటును నేను తప్పుపట్టను. పల్ప్ ఫ్యాక్టరీకి వెళ్లే తోతాపురికి రాసే వివరాలు వేరు, పెట్టెల్లో బయటి ఊళ్లకు వెళ్లే బేనీషాకు రాసేవి వేరు. కొత్త వివరం వచ్చిన ప్రతిసారీ టేబుల్‌ను మార్చకుండా పని జరిగిపోయేది. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ కూడా తన సెట్టింగులలో చాలావాటిని ఇప్పటికీ ఈ పద్ధతిలోనే దాస్తుంది.

ఇబ్బంది యజమాని అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది. "పోయిన సీజన్‌లో ఏ రకానికి ఎంత తరుగు పోయిందో చెప్పండి సార్" అన్నారాయన. అక్కడి డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్ దృష్టిలో ఆ కాలమ్ ఉత్త అక్షరాల వరుస. పీహెచ్‌పీ కట్టిన మూటను విప్పే ఫంక్షన్ దాని దగ్గర లేదు కాబట్టి, ప్రతి వరుసనూ బయటికి తెచ్చి, విప్పి, కూడితే తప్ప జవాబు రాదు. అలా విప్పబోయినప్పుడు కొన్ని వరుసలు అసలు తెరుచుకోలేదు.

కారణం వెదకగా తేలిందిది. రకాల పేర్లు ఒకే తీరుగా ఉండాలని అంతకుముందు ఎవరో నేరుగా డేటాబేస్‌లోనే పదాలు మార్చే ఆదేశం నడిపారు. సీరియలైజ్ చేసిన వరుసలో ప్రతి మాటకు ముందు దాని పొడవు బైట్లలో రాసి ఉంటుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, సున్నకు ఒక్కొక్కదానికి 3 బైట్లు పడతాయి. "బేనీషా"లో అలాంటివి ఆరు ఉన్నాయి కాబట్టి పొడవు 18, "బంగినపల్లి"లో పది ఉన్నాయి కాబట్టి 30. "బేనిషా"ను "బేనీషా"గా దిద్దినప్పుడు పొడవు మారలేదు, ఏ వరుసా చెడలేదు. అదే రకానికి మరో పేరైన "బంగినపల్లి"ని "బేనీషా"గా మార్చినప్పుడు మాత్రం ముందున్న 30 అలాగే ఉండిపోయి, లోపలి మాట 18కి తగ్గింది. చదివేటప్పుడు అన్‌సీరియలైజ్ ఫంక్షన్ ఒక హెచ్చరిక వేసి, మొత్తం వరుసకు "ఫాల్స్" అని జవాబిచ్చింది. మారిన మాట ఒక్కటే అయినా బరువు, తరుగు కూడా దానితోపాటే చదవడానికి వీల్లేకుండా పోయాయి.

ముందుగా డేటాబేస్ మొత్తానికి బ్యాకప్ తీసి, దాని నకలు మీదే పని మొదలుపెట్టాను. కొటేషన్ల మధ్య ఉన్న మాటను పట్టుకుని, పొడవును తిరిగి లెక్కించి రాసే చిన్న స్క్రిప్ట్‌తో చాలా వరుసలు బాగుపడ్డాయి. ఇక్కడ వాడవలసింది బైట్లను లెక్కించే స్ట్రెలెన్ ఫంక్షన్. బైట్లకు బదులు అక్షరాలను, గుర్తులను లెక్కించే ఎంబీ స్ట్రెలెన్ వాడితే "బేనీషా"కు 6 అని వస్తుంది, వరుస మళ్లీ చెడుతుంది. కొన్నింటిలో గమనిక మరీ పొడుగై, కాలమ్ పరిమితి దాటి, తోక తెగిపోయింది. పాత సర్వర్‌లో పరిమితి దాటినదాన్ని తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ లేకపోవడం వల్ల డేటాబేస్ మిగిలినదాన్ని కత్తిరించి ఊరుకుంది. వాటిని ఏ స్క్రిప్టూ బాగుచేయలేదు. గుమాస్తా గారు పాత పట్టీల (లెక్క చీటీల) కట్టలు విప్పి, ఒక్కొక్కటి చదివి చెబుతుండగా మళ్లీ ఎక్కించాము.

ఆ తర్వాత ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోవలసి వచ్చింది. కూడవలసినవి, వెదకవలసినవి అయిన రకం, బరువు, తరుగు, హమాలీ కూలి విడి కాలమ్‌లకు మారాయి. అన్నిటికన్నా శ్రమ పెట్టింది తరుగు. కొందరు దాన్ని కిలోలలో, కొందరు శాతంలో, ఇంకొందరు "టన్నుకు ఇంత" అని రాసి ఉన్నారు. వివరాల కాలమ్‌లో ఏమి రాసినా చెల్లుతుంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం రాలేదు. అంకెలు మాత్రమే పట్టే డెసిమల్ కాలమ్ అలా ఒప్పుకోదు. అందుకని అన్నిటినీ కిలోలలోకి మార్చి, అనుమానం ఉన్నవాటిని విడిగా జాబితా తీసి యజమానికి చూపించాను.

మిగిలిన వివరాలను ఒకే కాలమ్‌లో ఉంచాను, కాకపోతే వివరం పేరు, దాని విలువ జతలుగా రాసే జేసాన్ రకం కాలమ్‌లో. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి అది ఉంది. లోపలి విలువను డేటాబేసే స్వయంగా చదవగలదు, మాటల పొడవులు రాసిపెట్టుకోవలసిన పనీ లేదు. పీహెచ్‌పీ మామూలుగా జేసాన్ తయారుచేస్తే ప్రతి తెలుగు అక్షరాన్నీ ఆరు గుర్తుల సంకేతంగా మారుస్తుంది. అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ అనే ఎంపిక ఇస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఎగుమతి చేసిన ఫైలును కంటితో చదివి పోల్చుకోవడానికి ఇది బాగా పనికొచ్చింది.

ఒక చిక్కు మాత్రం పట్టీ అచ్చు వేశాకగానీ కనబడలేదు. జేసాన్ కాలమ్ మనం ఇచ్చిన వరుసక్రమాన్ని నిలుపుకోదు, లోపలి వివరాల పేర్లను (కీలను) తనకు అనుకూలమైన క్రమంలో పేర్చుకుంటుంది. పాత ప్రోగ్రాం ఏ క్రమంలో దాచిందో ఆ క్రమంలోనే అచ్చు వేసేది కాబట్టి, కొత్త పట్టీలో గమనిక పైకి, బండి నంబరు కిందికి వెళ్లాయి. పట్టీ క్రమం డేటా మీద ఆధారపడడమే సరికాదని నాకు తోచి, ఆ క్రమాన్ని ప్రోగ్రాంలో విడిగా రాశాను.

పాత కాలమ్‌ను వెంటనే తీసేయలేదు. ప్రతి వరుసలోనూ పాత మూటను విప్పి, కొత్త కాలమ్‌లతో పోల్చే స్క్రిప్ట్ తేడా లేదని చెప్పాక కూడా, ఒక సీజన్ ముగిసేదాకా దాన్ని కదపకుండా ఉంచాను. ఈలోగా బండి నంబరుతో వెదకాలని గుమాస్తా గారు అడిగారు. దానికోసం డేటాను మళ్లీ తరలించవలసిన అవసరం రాలేదు. జేసాన్‌లోంచి బండి నంబరును తనంతట తానే తీసి చూపే జనరేటెడ్ కాలమ్ ఒకటి చేర్చి, వెదకడం త్వరగా జరిగేలా దానికి ఇండెక్స్ కట్టాను.