డిస్నీలాండ్ దాటాక 43వ నంబరు బస్సు

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీకి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను ముందు డిస్నీలాండ్‌కు తీసుకెళ్లడం అక్కడి తెలుగువాళ్ల ఆనవాయితీ. వదిన టికెట్ల సంగతి ఎత్తగానే, "మీరు పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లండి వదినా, నన్ను గేటు దగ్గర దింపేస్తే చాలు. అక్కడి నుంచి ఫుల్లర్టన్ వెళ్తాను" అన్నాను. ఏళ్ల తరబడి పక్కనే ఉంటున్నా ఆ ఊరు ఆమె లెక్కలో లేదు. "పళ్ల డాక్టరు దగ్గరికి తప్ప అక్కడికి ఎవరూ వెళ్లరయ్యా" అంది.

నేను హైదరాబాద్‌లో సెలవు దినాల్లో ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్ గిటార్లు చేత్తో చేసుకుంటూ ఉంటాను. అమ్మడానికి కాదు, సరదాకు. వాయించడం అంతంత మాత్రమే. కోఠీ గుజరాతీ గల్లీలో పొటెన్షియోమీటర్లు (శబ్దం పెంచి తగ్గించే మీటలు), మోటార్ వైండింగ్ కొట్లలో 46 గేజి రాగి తీగ, టింబర్ డిపోల్లో మిగిలిపోయిన టేకు ముక్కలు ఏరుకొచ్చే రకం. (టేకు అందంగా ఉంటుంది కానీ నూనె చెక్క. అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు నమ్మకంగా పట్టదు. బరువు కూడా భుజానికి బాగానే తెలుస్తుంది.) ఇలాంటి పిచ్చి ఉన్నవాడు ఏ దేశంలో ఉన్నా, గీసుకునే కొలతల్లో చాలావరకు ఫుల్లర్టన్‌లో, లియో ఫెండర్ అనే మనిషి దగ్గర పుట్టినవే.

డిస్నీలాండ్ పక్కనుంచి పోయే హార్బర్ బులెవార్డే నేరుగా ఫుల్లర్టన్ నడిబొడ్డుకు వెళ్తుంది. 43వ నంబరు బస్సెక్కాను. మోటళ్లు, టాకో కొట్లు, పాత కార్ల దుకాణాలు, మధ్యలో 91వ నంబరు ఫ్రీవే. చెప్పుకోదగ్గ దృశ్యం ఒక్కటీ లేదు. బస్సు చివరికి రైల్వే స్టేషన్ పక్కన ఆగింది. ప్లాట్‌ఫారం మీద కెమెరాలు మెడలో వేసుకుని గూడ్సు రైళ్ల కోసం ఎదురుచూస్తున్న పెద్దమనుషులు కనిపించారు. వాళ్లను చూశాక నా పిచ్చి మరీ అంత వింతగా అనిపించలేదు.

హార్బర్ బులెవార్డ్‌ను అప్పట్లో స్పాడ్రా రోడ్డు అనేవారు. ఆ వీధిలోనే 1938లో లియో ఫెండర్ రేడియో రిపేరు కొట్టు తెరిచాడు. అకౌంట్లు చదువుకున్నవాడు, మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, చిన్నప్పుడే ఒక కన్ను పోయినవాడు. గిటారు వాయించడం అతనికి రాదు, చివరిదాకా నేర్చుకోలేదు కూడా. చుట్టుపక్కల సంగీతకారులు పాడైన ఆంప్లిఫయర్లు తెచ్చి అతని బల్ల మీద పెట్టేవారు. ఏది ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ కాలుతోందో అతను చూస్తూ వచ్చాడు. ఎలక్ట్రిక్ గిటారు అప్పటికే ఉంది. లాస్ ఏంజలెస్‌లో రికెన్‌బ్యాకర్ వాళ్లు 1930ల మొదట్లోనే అమ్మారు. ఫెండర్ చేసింది మరొకటి. గిటారును మెకానిక్ కంటితో చూసి, పాడైతే విప్పి బాగుచేసుకునే వస్తువుగా మార్చాడు.

ఫుల్లర్టన్ మ్యూజియం ఒకప్పటి గ్రంథాలయ భవనంలో ఉంది. లియో ఫెండర్ గ్యాలరీ పెద్దదేమీ కాదు, గబగబా నడిస్తే కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. నేను గబగబా నడవలేదు. గాజు వెనక ఉన్న ఫెండర్ గిటారు టెలీకాస్టర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నెక్ (వేళ్లతో పట్టుకునే పొడుగాటి మెడ), బాడీ కలిసే చోటును చూస్తూ ఉండిపోయాను. వయొలిన్ చేసేవాళ్లు, పాత గిటార్లు చేసేవాళ్లు నెక్‌ను జిగురుతో అతికించేవారు. ఒకసారి అతికితే విడదీయడం శస్త్రచికిత్సే. ఫెండర్ అక్కడ దాదాపు 16 మిల్లీమీటర్ల లోతున గాడి తవ్వి, నాలుగు స్క్రూలు బిగించాడు. ఫ్రెట్లు (నెక్ మీద స్వరస్థానాలు చూపే లోహపు మెట్లు) అరిగితే నెక్ విప్పేసి కొత్తది వేసుకోవచ్చని అతని ఆలోచన. బాడీ చూస్తే బల్లచెక్క లాంటి సాపు పలక, మందం 44 మిల్లీమీటర్లు. దాన్ని చెక్కడానికి వంశపారంపర్య విద్య అక్కరలేదు. అచ్చు పలక, చెక్కలో గాళ్లు తవ్వే రూటర్ మిషన్, ఓపిక ఉంటే చాలు. నాలాంటి వాళ్లు బాల్కనీలో గిటారు చేయగలుగుతున్నారంటే ఆ నాలుగు స్క్రూల పుణ్యమే. గ్రాండ్ పియానోలాగా ఇదీ రహస్య విద్యగానే ఉండిపోయి ఉంటే, నేను స్టాంపులు పోగేసుకుంటూ ఉండేవాణ్ని.

ఆ గిటారు పేరుకూ ఓ కథ ఉంది. 1950లో దాన్ని బ్రాడ్‌కాస్టర్ అన్నారు. డ్రమ్ములకు అలాంటి పేరే పెట్టుకున్న గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెబితే, కొన్నాళ్లు స్టిక్కరులో ఆ మాట కత్తిరించి అమ్మారు. 1951లో టెలీకాస్టర్ అయింది. పేరులేని ఆ కొద్ది గిటార్లకే ఇప్పుడు గిరాకీ ఎక్కువ.

పక్కనే ప్రెసిషన్ బేస్, అదీ 1951 నాటి నమూనాయే. నిలువెత్తు డబుల్ బేస్‌కు ఫ్రెట్లు ఉండవు, స్వరం వేలిదే, చెవిదే. ఫెండర్ తీగ పొడవు 34 అంగుళాలు పెట్టి ఫ్రెట్లు బిగించాడు. ఎవరు నొక్కినా స్వరం కచ్చితంగా పలకాలి, ఆ పేరు వచ్చిందీ అందుకే. దాన్ని చూస్తుంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చూసిన వీణ పని గుర్తొచ్చింది. ఏకాండి పనస దుంగ తొలిచి వీణ చేశాక, ఇరవై నాలుగు మెట్లనూ మైనం మీద నిలబెట్టి, మీటుతూ వింటూ జరుపుతారు. అక్కడ కొలత చెవిలో ఉంటుంది. నా బల్ల మీద మాత్రం కాలిక్యులేటర్ ఉంటుంది: తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం, మిగిలిన పొడవును మళ్లీ భాగిస్తే రెండోది. తీగ పొడవు 648 మిల్లీమీటర్లున్న గిటారుకు మొదటిది 36.4 దగ్గర పడుతుంది. పై ఫ్రెట్ల దగ్గర అర మిల్లీమీటరు తప్పినా చెవి పట్టేస్తుంది, రంపం గాడి పడ్డాక జరపడానికి మైనం లేదు. విద్యగా చూస్తే గొల్లపల్లి పనే గొప్పదని నా అభిప్రాయం. కానీ సెలవు రోజుల పనివాడికి అంత చెవి ఎక్కడ దొరుకుతుంది?

ఫెండర్ పేరు చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు. 1950ల నాటి నెక్‌ల చివర పెన్సిలుతో టీజీ అని ఉంటుంది. తాడియో గోమెజ్ అనే పనివాడి పొడి అక్షరాలవి. అబిగైల్ ఇబారా 1956లో ఫ్యాక్టరీలో చేరి 2013లో విరమించింది. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌ల మీద రాగి తీగ చుట్టడంలో ఆమె చేతికి పేరు. వెంట్రుక కన్నా సన్నని ఆ తీగను ఎనిమిది వేల చుట్ల వరకు వేళ్లతో తగు బిగువున వదలాలి. నేను కుట్టు మిషన్ మోటారుతో చుడతాను కనుక, తీగ టప్పున తెగిన క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

1953లో ఫ్యాక్టరీ మారిన రేమండ్ అవెన్యూ మీదుగా నడిచాను. ఎండ, గోడౌన్లు, ట్రక్కులు, అంతే. 1965లో కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థ 1.3 కోట్ల డాలర్లకు కొంది. ఇప్పటి ఫ్యాక్టరీ తూర్పున కరోనా అనే ఊళ్లో ఉంది, అటు వెళ్లలేదు.

సాయంత్రం అన్నయ్య వచ్చి కారెక్కించుకున్నాడు. గిటారు చేసేవాళ్లకు చెక్కలు, సామాన్లు అమ్మే ఒక డిపోకు పోనివ్వమన్నాను. మనకు ఘనపుటడుగుల లెక్క అయితే వాళ్లకు బోర్డ్ ఫుట్ లెక్క, పన్నెండైతే ఒక ఘనపుటడుగు. గిటారు బాడీలకు వాడే ఆల్డర్ చెక్క పలకలు వరసగా పేర్చి ఉన్నాయి. అదే పనికొచ్చే మరో చెక్క స్వాంప్ యాష్ అడిగితే కౌంటరు దగ్గరి మనిషి తల అడ్డంగా ఊపాడు. ఆసియా నుంచి వచ్చిన పచ్చని పురుగొకటి యాష్ చెట్లను తొలిచేస్తోంది. 2020లో ఫెండర్ కంపెనీ కూడా ఆ చెక్క వాడకం బాగా తగ్గించుకుంది.

లోపలి అరలో మన ఇరుగుడు కనిపించింది, వాళ్ల లెక్కలో ఇండియన్ రోజ్‌వుడ్. ఫింగర్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లు బిగించే పలక) కొలతకు కోసి, అంచులకు మైనం పూసి పెట్టారు. అంత తిన్నని పోగున్న ముక్క హైదరాబాద్‌లో నాకు ఎన్నడూ దొరకలేదు. అన్నయ్య, "తీసుకోరా, నేనిస్తాలే" అన్నాడు. 2017 నుంచి ఆ చెక్క, అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ పరిధిలో ఉంది. 2019లో సడలింపు ఇచ్చింది తయారైన వాయిద్యాలకే. పచ్చి పలక దేశం దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. మన అడవి చెక్కను పత్రాలు లేకుండా మన దేశానికే తీసుకెళ్లలేనని చెబితే అన్నయ్య నమ్మలేదు. కౌంటరు మనిషిని అడిగి మరీ రూఢి చేసుకున్నాడు. పలకను అరలో పెట్టేసి, ఇంట్లో సగంలో ఉన్న బేస్ కోసం ఒక చుట్ట ఫ్రెట్ వైరు కొన్నాను.