మంచు కురిసే రాత్రి హన్మకొండలో డప్పు పాట

కరీంనగర్ నుంచి హన్మకొండ దాదాపు 70 కిలోమీటర్లు. హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగా బస్సుకు రెండు గంటలు పెట్టుకోవాలి. కరపత్రంలో ఆరింటికి అని వేసినా ముందు వక్తలుంటారు, పాట ఏడున్నరకు గానీ ఎత్తుకోదు. అయినా ఐదున్నరకల్లా మైదానానికి చేరుకున్నాం. ఇలాంటి పాట సగం వేదిక వెనకే తయారవుతుంది, దాన్ని చూడకపోతే వచ్చిన పని సగమే అయినట్టు.

పాడేది డెబ్బైకి దగ్గరపడ్డ వాగ్గేయకారుడు. రాసేదీ, బాణీ కట్టేదీ, కాళ్లకు గజ్జెలు కట్టుకొని ఆడుతూ పాడేదీ ఆయనే. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అంటే తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభల కాలం నుంచి ఊరూరా తిరిగిన గొంతు.

వేదిక వెనక ఎండుగడ్డి, పాత పేపర్లు వేసి మంట పెట్టారు. డిసెంబర్ మంచుకు మేకతోలు చెమ్మ పీల్చి సడలుతుంది, డప్పు మూగబోతుంది. అందుకే కాచాలి. మంటకు జానెడు ఎత్తున పట్టుకొని ఆపకుండా తిప్పుతుండాలి, ఒక్కచోట నిలిపితే తోలు మాడి, గట్టి దెబ్బ పడగానే చిట్లుతుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తారు. ‘దబ్’ అంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, ‘టంగ్’ మంటే కుదిరినట్టు. కుడిచేతిలోని లావు పుల్ల సిర్ర బరువు దెబ్బ వేస్తుంది, ఎడమచేతిలోని సన్న పుల్ల సిటికెన పుల్ల అంచు మీద సన్నగా గలగలలాడుతుంది. ఆ సన్నదెబ్బే ముందు పోతుంది. అది మసకబారిందంటే డప్పు మార్చాల్సిందే. మూడు డప్పులు తెచ్చుకున్నారు. రెండు వేదిక మీద మోగుతుంటే మూడోది మంట దగ్గరుంది, నాలుగైదు పాటలకోసారి మార్చుకున్నారు.

బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబర్‌లో ప్రారంభమయ్యాక నగరానికి మంచి హాలు వచ్చింది. నాటకానికి, నాట్యానికి అదే సరైన చోటు. డప్పు పాటకు మాత్రం నా ఓటు మైదానానికే. మంట పక్కనే ఉంటుంది, జనం లేచి ఆడటానికి జాగా ఉంటుంది.

గొంతు సంగతి చెప్పాలి. వయసులో నాలుగు శ్రుతిలో పాడిన పాటల్ని ఆయన ఇప్పుడు రెండున్నరలో, అంటే ఎత్తు తగ్గించి పాడుతున్నారు. కీబోర్డు అబ్బాయికి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే సరిపోతుంది, ఇబ్బంది కోరస్‌కే. పాత ఎత్తుకు అలవాటుపడ్డ ఆడగొంతులకు కింది స్వరాలు అందవు, మాట గాలిలా వస్తుంది. రెండో పాటకే ఇద్దరమ్మాయిలు ఒక స్థాయి పైకి వెళ్లి పాడటం మొదలుపెట్టారు. అది వినడానికి ఇంకా బాగుంది.

ముందు వరుస కుర్చీల కోసం కొట్లాడకండి. సౌండ్ బాక్సులు వేదికకు రెండు చివర్లా ఎత్తుగా పెడతారు కాబట్టి ముందు కూర్చున్నవాళ్ల నెత్తిమీదుగా శబ్దం వెళ్లిపోతుంది, వాళ్లకు డప్పే తప్ప మాట వినిపించదు. మధ్యలో మిక్సర్ పెట్టుకున్న బల్ల పక్కన కూర్చుంటే ఆపరేటర్ విన్నదే మనకూ వినిపిస్తుంది. మొదటి పాటలో ఎకో మరీ పెంచడంతో పదాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పెద్దాయన పల్లవి దగ్గరే ఆపి, “ఎకో తియ్యి బిడ్డా, మాట ఇనపడాలె” అన్నారు. డప్పు మైకును కూడా మూడు అడుగులు వెనక్కి జరిపించారు. అప్పుడు తెలిసింది ఆ పాటలో ఎన్ని మాటలున్నాయో!

క్యాసెట్‌లో నాలుగైదు నిమిషాల్లో అయిపోయే చెరువు పాట ఇక్కడ పావుగంట పట్టింది. ముందు తాళం లేకుండా చెవికి చెయ్యి ఆనించి పొడుగ్గా రాగం తీశారు. తర్వాత పల్లవి, కోరస్, ఒక చరణం. ఆపి మాట్లాడటం మొదలుపెడితే ఆ మాటే మెల్లగా పాటలోకి జారిపోయింది. రామప్ప, లక్నవరం, పాకాల పేర్లు పాతవే, ఈసారి భద్రకాళి చెరువు కొత్తగా చేరింది. కొత్త పాదం కోరస్‌కు తెలియదు. అందుకే ప్రతి పాదాన్నీ ఆయన రెండుసార్లు పాడారు. మొదటిసారి వాళ్లు పెదాలు కదుపుతూ విన్నారు, రెండోసారి చివరి రెండు మాటలు అందుకున్నారు, మూడో పాదానికి డప్పు కూడా కలిసింది. వేదిక మీదే చరణం పుట్టడం అంటే ఇదే. దీనికోసం ఎంత దూరమైనా రావచ్చు.

ఫోన్‌లో రికార్డు చేసేవాళ్లు బాక్సులకు దూరంగా ఉండండి, దగ్గరైతే డప్పు దెబ్బకు శబ్దం పగిలిపోతుంది. శాలువా, మంచినీళ్లు, నాలుగు సర్వపిండి ముక్కలు వెంట ఉండాలి. రాత్రి పొద్దుపోయాక కరీంనగర్ బస్సులు పలచబడతాయి, కాబట్టి బస్టాండులో దిగిన వెంటనే తిరుగు బస్సు టైం కనుక్కొని పెట్టుకోండి. మేం బయటికొచ్చేసరికి పదిన్నర దాటింది. వేదిక వెనక మంట ఆరి నిప్పులు మిగిలాయి, ఆ సెగకు మూడో డప్పు ఇంకా కాగుతూనే ఉంది.